మొదటి భాగం శూరులు

చదివిన పుస్తకాలు చూపించి గొప్పలు చెప్పుకునే కాలం వెళ్ళిపోయింది. ఇప్పుడు చదవనివి చూపించాలి. ఎంత ఎక్కువ చదవకపోతే అంత పెద్ద పాఠకుడి కింద లెక్క. ఇందులోనూ ఎక్కువ తక్కువలున్నాయి. కవిత్వం చదవకపోతే ఏం లాభం, అలమరలో రెండంగుళాలు కూడా నిండదు. కథల పుస్తకాలు పది చదవకుండా పెట్టుకున్నా పక్కింటివాడి కంట పడదు. అదే ఇంగ్లీషు ఫాంటసీ అనుకోండి, ఒక్క 'వీల్ ఆఫ్ టైమ్' చదవకపోతే చాలు: పద్నాలుగు సంపుటాలు, వాటికి ముందుకథ ఒకటి విడిగా. ఓ అర మొత్తం కళకళలాడిపోతుంది. ఇంటికి వచ్చినవాళ్ళు "ఇవన్నీ చదివేశారా!" అని నోరు తెరుస్తారు. అప్పుడు కాస్త తల వంచి, "అబ్బే, ఎక్కడండీ, ఇంకా టీబీఆర్‌లోనే ఉన్నాయి" అనాలి. చదివానని చెప్పుకున్నవాడికి ఎవడైనా కథ అడుగుతాడేమోనని భయం ఉంటుంది. చదవబోతున్నవాడికి ఆ బెంగ కూడా లేదు.

టీబీఆర్ అంటే చదవాల్సిన పుస్తకాల గుట్ట అని ఈ భక్తబృందంలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. తెలియనివాళ్ళు కొండాపూర్‌లో మా బావమరిది ఫ్లాటుకి వెళితే దర్శనం అవుతుంది. రెండు పడకగదులు. ఒకదాంట్లో వాడూ వాడి భార్యా ఉంటారు. రెండో దాంట్లో మిడిల్ ఎర్త్, వెస్టెరోస్, రోషార్ అనే ఫాంటసీ లోకాలు కాపురం ఉంటున్నాయి. కూతురు ఎనిమిదో తరగతి; హాల్లో చదువుకుని హాల్లోనే పడుకుంటుంది. మా అత్తగారు కొడుకుని చూసుకోవడానికి ఊర్నుంచి వస్తే ఆవిడకీ హాలే గతి. తేమకి కాగితం పాడవుతుందని రెండో గదిలో మాత్రం ఏసీ నడుస్తూ ఉంటుంది. డ్రాగన్లు చల్లగా నిద్రపోతాయి, ముసలావిడ హాల్లో విసనకర్ర విసురుకుంటుంది.

"ఈ ఏడాది ఎన్ని చదివావురా?" అన్నాను మొన్న.

"రెండు బావా," అన్నాడు తడుముకోకుండా. "కానీ ఆఫర్లు మాత్రం అదిరిపోయాయి."

గుట్టని జయించాలన్న పట్టుదల వాడికి లేదనుకుంటే పాపం మూటగట్టుకున్నట్టే. పథకాలకి కొదవలేదు. ఢిల్లీలో ప్రణాళికా సంఘాన్ని ఎత్తేశారు గాని, దాని ఆత్మ కొండాపూర్‌లో తిరుగుతోంది. ఏటా జనవరి ఒకటిన వాడు ఎక్సెల్ షీటు తెరుస్తాడు. ఒక వరసలో సిరీస్ పేరు, ఒక వరసలో పేజీలు, ఒక వరసలో మొదలెట్టే తేదీ, ఆ పక్కన ముగించే తేదీ. చదవనివి ఎరుపు, చదువుతున్నవి పసుపు, చదివినవి ఆకుపచ్చ. కింద మొత్తం కూడిక. 'వీల్ ఆఫ్ టైమ్' అన్ని సంపుటాలూ కలిపి సుమారు 44 లక్షల మాటలు. నిమిషానికి 250 మాటల చొప్పున తల ఎత్తకుండా చదివినా 293 గంటలు. రోజుకి అరగంట తీస్తే ఏడాదిన్నర దాటుతుంది. ఈ లెక్క వాడే వేశాడు, ఎక్కడా తప్పులేకుండా వేశాడు. వేసి, ఏడాదిన్నరేగా అన్న ధైర్యంతో ఆ సాయంత్రమే ఇంకో పది సంపుటాలకి ఆర్డరు పెట్టాడు.

రోజుకి ఆ అరగంట దొరకదా అంటే, దొరుకుతుంది. కాకపోతే ఆ అరగంటలో గుట్టల మీద వచ్చే వీడియోలు చూడాలి కదా. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఒకమ్మాయి తన గుట్ట ముందు నిలబడి, ఒక్కో పుస్తకం ఎత్తి, అట్ట తిప్పి, వాసన చూసి, ఈ నెల దీని పని పడతానని ప్రతిజ్ఞ చేస్తుంది. మావాడు ఇక్కడ తలూపుతాడు. ఆ అమ్మాయీ చదవదు, వీడూ చదవడు. చదివినంత అలసట మాత్రం ఇద్దరికీ వస్తుంది.

ఏడాది చివరికొచ్చేసరికి గుడ్‌రీడ్స్ సైటులో ఏడాదికి ఇన్ని చదవాలని పెట్టుకున్న లక్ష్యం గుర్తొస్తుంది. డిసెంబరు నెలలో ఈ వీరులు ఏం చదువుతారో ఎవరైనా కనిపెట్టి చూడాలి. కూతురు ఎప్పుడో వదిలేసిన బొమ్మల పుస్తకాలు, పేజీకి రెండు వాక్యాలవి, ఒక్క ఆదివారంలో డజను లాగించేస్తారు. ఒక్కోదానికీ అయిదు నక్షత్రాలు. లక్ష్యం నెరవేరిందని సంబరం. వెయ్యిపేజీల మాంత్రికులు గూట్లోంచి చూస్తూ ఉంటారు.

ఉన్నవి అయ్యేదాకా కొత్తవి కొననని ఒట్టు కూడా పెట్టుకుంటాడు. ఆ ఒట్టుకి కిండిల్ వర్తించదు. పాత పుస్తకం వర్తించదు. పుట్టినరోజుకి వాడి డబ్బుతో వాడి భార్య కొనిపెట్టింది వర్తించదు. ఇంట్లో ఉన్న సిరీస్‌కి తరువాయి భాగమైతే అది కొనడం కిందికే రాదు, మరమ్మతు. మన మద్యనిషేధాల చరిత్రలో కూడా ఇన్ని సడలింపులు లేవు.

ఈ జబ్బు మూలం తవ్వితే ఒక ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు దగ్గర తేలుతుంది. పాపం, ఆయన నేరమేమీ లేదు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'ని ఒకే నవలగా రాశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి బ్రిటన్‌లో కాగితానికి కటకటగా ఉన్న రోజులవి. ప్రచురణకర్తలు జార్జ్ అలెన్ అండ్ అన్విన్ వాళ్ళు లెక్కలు చూసుకుని, అంత లావు పుస్తకం ఒక్కసారే వేసి చేతులు కాల్చుకోవడం ఎందుకని మూడు ముక్కలు చేసి 1954, 1955ల్లో వదిలారు. అలా కాగితం బిల్లు కడుపున త్రయం పుట్టింది. తర్వాత వచ్చినవాళ్ళు ఆ బిల్లుని కళ్ళకద్దుకుని శాస్త్రం చేసేశారు. 1977లో టెర్రీ బ్రూక్స్ రాసిన 'ది సోర్డ్ ఆఫ్ షన్నారా' టోల్కీన్ అడుగుజాడల్లో నడిచింది. అడుగులే కాదు, చెప్పులు కూడా ఆయనవేనని గిట్టనివాళ్ళు అన్నారు. అయినా బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. దాంతో కిటుకు బయటపడింది: పాఠకుడికి కథ అయిపోయిందని చెప్పకూడదు. అయిపోతే వాడు లేచి ఇంటికి పోతాడు.

రాబర్ట్ జోర్డాన్ 1990లో 'వీల్ ఆఫ్ టైమ్' మొదలుపెట్టేటప్పటికి ఆరు పుస్తకాల్లో తేల్చేయాలనే అనుకున్నాడు. పదో సంపుటం వచ్చేసరికి కథ బండి ఇరుసు విరిగి నడిబజారులో నిలబడిందని అభిమానులే ఒప్పుకుంటారు. అందులో నైనీవ్ అనే అమ్మాయి ఉంటుంది. కోపం వస్తే జడ లాక్కుంటుంది. ఆ అమ్మాయికి కోపం రాని రోజు లేదు. అన్నిసార్లు లాగినా ఊడి చేతికి రాని ఆ జడే ఆ లోకంలో నాకు కనబడిన అతిపెద్ద మంత్రం. చివరి భాగం ఎంత లావైనా సరే ఒక్కటే వేస్తానని జోర్డాన్ అంటూ ఉండేవాడు. 2007లో కన్నుమూశాడు. ఆయన నోట్సు పట్టుకుని బ్రాండన్ శాండర్సన్ కథ ముగించాడు. ఆ ఒక్కటీ మూడై, ఆఖరుది 2013లో వచ్చింది.

ఇందులో తెలుగువాళ్ళం ముక్కున వేలేసుకోవాల్సిందేమీ లేదు. నన్నయ పదకొండో శతాబ్దంలో అరణ్యపర్వం సగంలో ఆపాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన ముక్క ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా లాగాడు. నడిమి ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించి, అది కూడా నన్నయ రాసినట్టే ఉండాలని రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అంటే పాండవుల్ని అడవిలో వదిలి తెలుగు పాఠకుడు ఇంచుమించు మూడు వందల ఏళ్ళు కూర్చున్నాడు. నన్నయ ఇంటి మీదికి ఎవరూ పోలేదు. సింహాసనం ఎవరిదో తేలలేదని 2011 నుంచి గుండెలు బాదుకుంటున్న జార్జ్ మార్టిన్ భక్తులకి ఈ సంగతి చెబితే, "అది భారతం బావా, ఇది వేరు" అంటారు. నిజమే. భారతం ముగింపు అందరికీ ముందే తెలుసు. ఇక్కడ రచయితకి కూడా తెలుసో లేదో.

మార్టిన్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' వచ్చింది 1996లో. మూడు పుస్తకాలన్నాడు, తర్వాత ఏడన్నాడు. అయిదోది 2011లో వచ్చింది. ఆరోది రాలేదు. టీవీ వాళ్ళు ఆగి ఆగి, ఇక లాభం లేదని సొంతంగా కథ అల్లుకుని 2019లో దుకాణం కట్టేశారు. మన వీధిలో చిట్టీ నడిపే ఆవిడ ఇరవై నెలల చిట్టీలో పధ్నాలుగో నెల నుంచి కనబడకపోతే కట్టినవాళ్ళంతా వెళ్ళి ఆవిడ గుమ్మంలో కూర్చుంటారు. ఇక్కడ మాత్రం కట్టినవాళ్ళే కొత్త చిట్టీలు వేస్తున్నారు. ఆరో సంపుటం బదులు ఆ లోకం చరిత్ర 2014లో వచ్చింది, కొన్నారు. ఆ రాజవంశం చరిత్ర 2018లో వచ్చింది, కొన్నారు. 2012లో అయితే ఆ నవలల్లోని వంటలతో అధికారికంగా వంటల పుస్తకమే వచ్చింది, అదీ కొన్నారు. యుద్ధం ఎవరు గెలుస్తారో తేలలేదు గాని, సాన్సా అమ్మాయికి ఇష్టమైన నిమ్మకాయ కేకులు ఎలా చెయ్యాలో తేలింది. రచయిత మీ పాలేరు కాదు, తొందరపెట్టకండని సాటి రచయిత ఒకాయన 2009లోనే అభిమానులకి గడ్డి పెట్టాడు. మంచిమాటే. అభిమాని కూడా రచయితకి పాలేరు కాదని చెప్పేవాళ్ళే ఇంతవరకు దొరకలేదు.

ప్యాట్రిక్ రాత్ఫస్ అనే ఆయన ఇంకా నిజాయితీపరుడు. రెండో భాగం 2011లో ఇచ్చాడు, మూడోది ఇవ్వలేదు. మధ్యలో 2014లో ఒక చిన్న పుస్తకం వేసి, మీరిది కొనకపోతేనే మంచిదేమో అన్న ధోరణిలో ముందుమాట రాసుకున్నాడు. ఆ ముందుమాట చదవాలన్నా పుస్తకం కొనాలి. కొన్నారు.

వాళ్ళు రాయడం లేదన్న కోపంతో మన గుట్టస్వాములు కుమిలిపోతున్నారనుకుంటే పొరబాటు. లోపల్లోపల పండగ. మార్టిన్‌ని ఎందుకు మొదలెట్టలేదురా అంటే, "పూర్తి కాలేదు కదా బావా, అయ్యాక ఒకేసారి పడతా" అంటాడు. సరే, స్టీవెన్ ఎరిక్సన్ 'మలజాన్' పది సంపుటాలూ 2011కే పూర్తయ్యాయి, అదెందుకు మొదలెట్టలేదంటే, "అన్నీ ఉన్నాయిగా, తొందరేముంది" అంటాడు. పూర్తికానిది పూర్తికాలేదని వద్దు, పూర్తయింది పూర్తయిందని వద్దు. కోర్టు వాయిదాలకి కూడా ఇంత నిష్ఠగా కారణాలు దొరకవు. ఆ మలజాన్ మొదటి భాగం తెరిస్తే ముందు పటాలు, తర్వాత పాత్రల పట్టిక, అది దాటితే ఎవరికీ ఎవరికీ మధ్యో తెలియని యుద్ధం. ఏమీ అర్థం కాలేదని మొరపెట్టుకుంటే సీనియర్ భక్తులు బుజ్జగిస్తారు: మూడో సంపుటం దాకా ఓపిక పట్టు, చిక్కుముళ్ళన్నీ విడిపోతాయి. రెండు వేల పేజీలు అయోమయంలో తిరిగి మూడోదాంట్లో తెలివి తెచ్చుకునే ఓపిక ఉన్నవాడు ఐఏఎస్ రాసి కలెక్టరే అవుతాడు గదా, ఈ గుట్ట దగ్గర ఏం పని?

ఫాంటసీ గుట్టకి మరే గుట్టకీ లేని మహిమ ఇంకొకటుంది. ఇందులో చదివినవి కూడా చదవనివైపోతాయి. డిటెక్టివ్ నవలకి ఈ గతి పట్టదు. హంతకుడెవరో తెలిశాక ఆ పుస్తకం పని అయిపోయినట్టే. ఇక్కడలా కాదు. శాండర్సన్ 'స్టార్మ్‌లైట్' నాలుగో భాగం 2020లో వచ్చింది, అయిదోది 2024 డిసెంబరులో. నాలుగేళ్ళలో ఎవరు ఎవరి తమ్ముడో, ఏ కత్తిలో ఏ దయ్యం ఉందో మనిషన్నవాడికి గుర్తుండదు. కాబట్టి అయిదోది చదవాలంటే మొదటి నాలుగూ మళ్ళీ చదవాలి. ఒక్కోటి వెయ్యి పేజీలు. నడుమ రెండు చిన్న నవలలు, అవి వదిలేస్తే అర్థం కాదట. మావాడు ఎన్నో ఏళ్ళు కష్టపడి ఆకుపచ్చ చేసుకున్న నాలుగు గడులూ ఆ డిసెంబరులో ఒక్క రాత్రిలో ఎర్రబడ్డాయి. ఆ రాత్రి వాడు అన్నం సరిగ్గా తినలేదని మా చెల్లెమ్మ చెప్పింది. పొద్దున లేచి, ఆ నాలుగింటికీ తోలు అట్ట ప్రతులు ఎక్కడ దొరుకుతాయోనని వెతికాడట. మళ్ళీ చదవాల్సినప్పుడు పాతవాటితో చదువుతామా మరి!

ఈ శాండర్సన్ గొడవ వేరు. మిగతావాళ్ళు రాయక చంపుతారు, ఈయన రాసి చంపుతాడు. కరోనాతో ప్రయాణాలు ఆగిపోయి, లోకమంతా ఇళ్ళలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే ఆయన ఎవరికీ చెప్పకుండా అదనంగా నవలలు రాసుకున్నాడు. 2022 మార్చిలో వీడియో పెట్టి, రహస్యంగా నాలుగు రాశాను, ముందే సొమ్ము కడితే పంపిస్తానన్నాడు. కిక్‌స్టార్టర్‌లో నెల తిరిగేసరికి లక్షా ఎనభై అయిదు వేల పైచిలుకు జనం 4 కోట్ల 17 లక్షల డాలర్లు కట్టారు. మొదటి రోజుల్లో అయితే పేర్లు తెలియవు, కథ తెలియదు, అయినా కట్టారు. అందులో తప్పేముందంటారా, ఏమీ లేదు. ఆయన చెప్పినట్టే రాశాడు, చెప్పినట్టే పంపాడు. పాఠకుడికి మాత్రం ఊపిరాడలేదు. ఉన్నవి సగం కాకుండానే ఇంటి ముందు అట్టపెట్టెలు దిగాయి.

అట్టపెట్టె అంటే గుర్తొచ్చింది. పుస్తకం లోపల చదవరని ప్రచురణకర్తలకి ఎప్పుడో తెలిసిపోయింది. అందుకే ఇప్పుడు పనితనమంతా బయట చూపిస్తున్నారు. 2023లో రెబెక్కా యారోస్ 'ఫోర్త్ వింగ్' తొలి ముద్రణ కాగితాల అంచులకి నల్లరంగు కొట్టి డ్రాగన్లు అచ్చువేసి వదిలితే జనం వెర్రెత్తిపోయారు. అప్పట్నుంచి అంచులకి రంగులేని పుస్తకం అనాథ. ఇందులో చిన్న తిరకాసుంది. అంచులు కనబడాలంటే పుస్తకాన్ని వెనక్కి తిప్పి పెట్టాలి. అప్పుడు పేరు గోడవైపు పోతుంది. మావాడి గదిలో రెండు అరల నిండా అలా గోడకి మొహం తిప్పుకున్న పుస్తకాలున్నాయి. ఏది ఏదో పైకి తెలియదు. ఒకటి తీసి చూస్తే అదే పుస్తకం పక్కన ఇంకోటి కూడా ఉంది. "రంగు వేరు బావా," అన్నాడు.

అమెరికా నుంచి వచ్చే చుట్టాల్ని ఒకప్పుడు బాదంపప్పో, సెంటుసీసాలో తెమ్మనేవాళ్ళం. ఇప్పుడు మావాడు డాలస్‌లో ఉన్న పిన్ని కొడుకుకి ఈ ప్రత్యేక ప్రతుల జాబితా పంపుతాడు. విమానంలో పెట్టెకి 23 కిలోలే ఇస్తారు. పోయినసారి తూకం ఎక్కువై విమానాశ్రయంలో పెట్టె విప్పి ఏదో ఒకటి తియ్యాల్సి వస్తే, మా అత్తగారికి కొన్న మోకాళ్ళ పట్టీలూ బీపీ మిషనూ తీశారు.

ఇక కిలోల లెక్కన అమ్మే సంతలు. డబ్బా కొనుక్కో, పట్టినన్ని కుక్కుకో అని ఊరూరా మొదలెట్టారు. కవిత్వం అక్కడ ఓడిపోతుంది, లావు పుస్తకమే గెలుస్తుంది. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, అది ముగిసీ ముగియకుండానే జనవరిలో విజయవాడ. ఏడాది పొడుగునా అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్. ఆ ఫుట్‌పాత్ మీద వంగి, ఫాంటసీల వీపులు ఒకసారి పరీక్షగా చూడండి. మొదటి భాగం వీపు మీద ముడతలన్నీ మొదటి వంద పేజీల మేరకే ఉంటాయి, అక్కణ్ణుంచి నున్నగా ఉంటుంది. రెండో భాగానికి ముడతే ఉండదు. మొన్న ఒకదాంట్లో 61వ పేజీ దగ్గర బస్ టికెట్ దొరికింది, చదివినాయన అక్కడే దిగిపోయాడు. ఇంత నిజాయితీ అయిన సమీక్ష ఏ పత్రికలోనూ అచ్చు కాదు. దక్షిణాదివాళ్ళు ఆరంభశూరులని ఏనాడో సంస్కృతంలో ఎవడో అన్నందుకు మనం ఇంకా ఉడుక్కుంటూనే ఉన్నాం. ఆ పుస్తకాల లోపలి పేజీల్లో ముద్రలు చూస్తే అమెరికా గ్రంథాలయాలవీ, బ్రిటన్ గ్రంథాలయాలవీ ఉన్నాయి. మన పేరు ఊరికే చెడింది.

మరీ నిలదీస్తే ఉంబెర్టో ఎకో పేరు బయటికి తీస్తారు. ఎకో దగ్గర ముప్పై వేల పుస్తకాలుండేవనీ, చదివినవాటికన్నా చదవనివే ఎక్కువ విలువైనవనీ నసీమ్ తాలెబ్ 2007లో 'ది బ్లాక్ స్వాన్'లో రాసిన దగ్గర్నుంచి సోమరిపోతులందరికీ ఒక తత్వవేత్త దొరికాడు. ఆ 'బ్లాక్ స్వాన్' కూడా మావాడి గుట్టలోనే ఉంది. ఈ ముక్క వాడికి వాట్సాప్‌లో వచ్చింది. ఎకో ఆ గ్రంథాలయాన్ని దగ్గర పెట్టుకుని 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' రాశాడు. మావాడు ఎక్సెల్ షీటు రాశాడు.

గుట్టలో సన్నటి పుస్తకం నిలవదు, అదొక విచిత్రం. ఉర్సులా లెగ్విన్ 1968లో 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' రాసింది. రెండు వందల పేజీలకి అటూ ఇటూ. పొగరుబోతు కుర్ర మాంత్రికుడొకడు తన గొప్ప చూపించుకోబోయి ఒక నీడని లోకం మీదికి వదులుతాడు, దానికి భయపడి కొంతకాలం పారిపోతాడు, ఆఖరికి వాడే దాన్ని సముద్రాల మీద తరుముతాడు. లోకం ఉంది, పటం ఉంది, డ్రాగన్ కూడా ఉంది. ఎవరూ జడ లాక్కోరు. ఏదో సెట్టులో కలిసి కొండాపూర్ చేరిన ఆ పుస్తకం రెండు లావు సంపుటాల నడుమ నుంచి జారి కింద పడితే, వాడి కూతురు తీసుకుపోయి హాల్లో నాయనమ్మ పక్కన కూర్చుని రెండు రోజుల్లో చదివేసింది. చదివి తండ్రి దగ్గరికొచ్చింది.

"నాన్నా, ఇలా అయిపోయేవి ఇంకేమైనా ఉన్నాయా?"

వాడు అరలన్నీ పైకీ కిందికీ చూశాడు. "అయిపోయేవి మనం కొనలేదమ్మా," అన్నాడు.

ఇంత విన్నాక మా తరం పెద్దమనుషులు కొందరు మీసం దువ్వుతారు. మేము చందమామ చదివి పెరిగాం, మాకీ రోగాలు లేవు అంటారు. తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం అని పేర్లు వల్లిస్తారు. ఆ సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా వాటి మీద పడేది కాదు. నెలకి కాసిని పేజీలు, చిత్రా బొమ్మలు, ఒక మాంత్రికుడు, ఒక కొండచరియ. కథ ముగిసేది, వచ్చే నెల ఇంకోటి మొదలయ్యేది. చదివారు, కాదనను. ఇప్పుడు ఈ పెద్దమనుషుల కంప్యూటర్లు విప్పి చూడండి. 1947 జులై నుంచి దొరికిన చందమామలన్నీ స్కాన్ కాపీలు దించుకుని హార్డ్ డిస్కులో పెట్టారు. అది పోతుందేమోనని ఇంకో డిస్కులో పెట్టారు. ఒక్కటి తెరవలేదు. కాశీ మజిలీ కథలు పన్నెండు భాగాలూ గట్టి అట్టలతో కొని పూజగది పక్కన పేర్చారు. అందులో మణిసిద్ధుడూ, వెంట వెళ్ళిన గోపాలుడూ మజిలీకో కథ ముగించుకుంటూ నడిచి కాశీ చేరారు. వీళ్ళు మొదటి మజిలీలో చెప్పులు కూడా విప్పలేదు.

అసలు ఈ లెక్కన చూస్తే పాపం అన్యాయమైపోయింది మన గుణాఢ్యుడే. సాతవాహనుడి కొలువులో పందెం ఓడి, సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదులుకుని, వింధ్యాటవికి పోయి పైశాచిలో బృహత్కథ రాశాడని కథ. ఏడు లక్షల శ్లోకాలు, ఏడేళ్ళు. అడవిలో సిరా దొరక్క నెత్తురుతో రాశాడు. విద్యాధరులు, యక్షులు, గాలిలో ఎగిరే రథాలు, కావలసినంత ఫాంటసీ. శిష్యులు తీసుకెళ్ళి రాజుకి చూపిస్తే, పిశాచాల భాష, పైగా నెత్తుటి రాత అని ఈసడించి తిప్పి పంపాడు. గుణాఢ్యుడు కొండ మీద మంట వేసుకుని, ఒక్కో ఆకు చదవడం, మంటలో వెయ్యడం. చుట్టూ జింకలు, పందులు, దున్నలు మేత మాని కన్నీళ్ళు పెట్టుకుంటూ విన్నాయి. అవి బక్కచిక్కి, రాజుగారి వంటింటికి ఎండిపోయిన మాంసం చేరి, ఆయన జబ్బుపడి, వంటవాళ్ళని నిలదీసి, వేటగాళ్ళని నిలదీసి, సంగతి తెలిసి అడవికి పరిగెత్తేసరికి ఆరు లక్షలు బూడిదైపోయాయి. మిగిలిన లక్ష దక్కింది.

ఈ రోజుల్లో అయితే సాతవాహనుడు అలా తిప్పి పంపేవాడా? నెత్తుటితో రాసిన ప్రతి, లోకంలో ఒక్కటే ఉందంటే రాయకముందే సొమ్ము కట్టేవాడు. ఏడు లక్షలూ ఏడు సంపుటాలుగా ఎర్రంచులతో ప్రతిష్ఠానపురం చేరి, అంతఃపురంలో వీపులు గోడకి తిప్పుకుని నిలబడేవి. గుణాఢ్యుడికి మంట వెయ్యాల్సిన పని లేదు, గొంతెత్తి చదవాల్సిన పనీ లేదు. ఎనిమిదో సంపుటానికి బయానా తీసుకుని కూర్చునేవాడు. జింకలు ఎప్పట్లాగే మేసేవి, పందులు ఎప్పట్లాగే బలిసేవి, రాజుగారికి పూటపూటా కొవ్వు పట్టిన మాంసం వడ్డన జరిగేది.